అద్దానికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు అర్థం కాని సంగతుల్లో చాలావాటికి పెద్దయ్యాక అర్థం దొరికింది. మా ఊరి తిరునాళ్ళలో బొమ్మల ప్రదర్శన పెట్టిన రోజు మాత్రం ఇప్పటికీ నాకు సగమే తెలిసింది.

మాది ప్రత్తిపాడు పక్కన పల్లెటూరు. ఆ ఏడు హైస్కూలు డ్రాయింగు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. తిరునాళ్ళకు జనం ఎలాగూ వస్తారు, పిల్లలు వేసిన బొమ్మలు కూడా చూసి పోతారు కదా అని. గుడి దగ్గర్లో మిరపకాయలు ఆరబోసే కళ్ళం ఒకటి ఖాళీ చేయించి, గుంజలు పాతి, తాళ్ళు కట్టి, బొమ్మలన్నీ వరసగా తగిలించారు. కాయలైతే ఎత్తేశారు గానీ ఘాటు ఎక్కడికి పోతుంది? వచ్చినవాళ్ళంతా తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ చూస్తున్నారు. బొమ్మలు అంతగా ఏడిపిస్తున్నాయేమో అనుకుని నేనూ ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను.

అందులో మా పక్కింటి అక్క వేసిన బొమ్మ ఒకటుంది. వాళ్ళమ్మ బొమ్మ. ఆవిడ పోయేనాటికి అక్క బాగా చిన్నది. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఫోటో దిగినవాళ్ళు అరుదు, వాళ్ళమ్మది ఒక్కటీ లేదు. వాళ్ళ నాన్నను నేను బాబాయి అనేదాన్ని. ఆవిడ ఊసెత్తితే చాలు, ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. దాంతో అమ్మ మొహం తనకు ఏడాదికేడాది చెరిగిపోతోందని అక్కే నాతో చెప్పింది. పూర్తిగా చెరిగిపోకముందే వేసేయాలని కూర్చుంది. కళ్ళు వచ్చాయి, నుదురు వచ్చింది, నోటి దగ్గర ఆగిపోయింది. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదట. చివరికి ఆవిడ ఎర్రటి కాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తున్నట్టు వేసి, ఘాటుకి మా ఆడవాళ్ళు కట్టుకునేట్టు ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టేసింది. అక్కకు అమ్మంటూ మిగిలింది ఇక ఆ నీళ్ళరంగుల కాగితమే.

పొంగళ్ళు పెట్టి గుడి నుంచి వస్తున్న ఆడవాళ్ళు కళ్ళంలోకి వచ్చారు. అక్క వేసిన బొమ్మలో చుట్టూ ఎరుపు, మధ్యలో పెద్ద పెద్ద కళ్ళు. అందరికంటే ముందున్న ఆవిడ ఆగి చెంపలేసుకుంది. పళ్ళెంలో కుంకం తీసి బొమ్మ నుదుట పెట్టింది. వెనకావిడ కాళ్ళ దగ్గర పసుపునీళ్ళు చిలకరించింది. రంగు కరిగి మిరపకాయలు కిందికి కారాయి. ఇంకెవరో కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలా అని రాయి వెతుకుతున్నారు. చూస్తుండగానే వరస కట్టారు.

మాస్టారు పరిగెత్తుకొచ్చి, "ఇది దేవుడి పటం కాదమ్మా! మా స్కూలు పిల్ల వేసిన బొమ్మ!" అని మొత్తుకున్నాడు.

"పిల్ల వేస్తే మాత్రం? అమ్మోరు కాకుండా పోద్దా?" అంది ముందున్నావిడ.

అక్క బొమ్మ పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. అందరి కళ్ళూ కారుతున్నచోట తను నిజంగా ఏడుస్తోందని ఎవరికీ పట్టలేదు. నాకు తెలుసు. తెలిసి ఏం చెయ్యాలో తోచలేదు. దండం పెట్టాలా, అడ్డం నిలబడాలా?

అప్పుడు మా నాయనమ్మ గాజుల కొట్టువాడి అద్దం పట్టుకుని వచ్చింది. బొమ్మను తాడుతో సహా పైకి జరిపించి, దాని ఎదురుగా అద్దం వాల్చింది. బొమ్మ అందులో కనపడింది. "నీళ్ళు పడకూడని దేవుడికి గుళ్ళో అద్దానికే గదంటే అభిషేకం చేసేది? ఏం, తెలవదా మీకు? కానీయండి, కానీయండి" అంది. అంతే, గొడవ లేదు. పసుపూ కుంకమా అన్నీ అద్దం మీదికి మళ్ళాయి. మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

నేను నాయనమ్మ కొంగు లాగి, "అది అమ్మోరేనా?" అని అడిగాను.

"కాదు, వాళ్ళమ్మే."

"మరి అబద్ధం చెప్పావుగా?"

"అబద్ధమేందే? అద్దానికి చేస్తారన్నా. చెయ్యరూ? అయినా పసుపు కుంకాలతో పోయిన మనిషి. మొక్కితే తప్పేంది?"

నాకు ఉన్న మతి కూడా పోయింది.

కూతురు వేసిన బొమ్మకు పూజలు జరుగుతున్నాయని ఎవరో చెబితే బాబాయి వచ్చాడు. అంతకుముందు ఎంత పిలిచినా రానన్న మనిషి. బొమ్మను చూసి నిలబడిపోయాడు. దగ్గరికెళ్ళి, "మూతికి గుడ్డెందుకు కట్టావమ్మా?" అన్నాడు.

"నోరు గుర్తు లేదు నాన్నా."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే లేచి వెళ్ళిపోతావుగా."

ఆయన ఉన్నచోటనే చతికిలబడ్డాడు. ఇప్పుడూ లేచి వెళ్ళిపోతాడేమోనని అక్క భయం. వెళ్ళలేదు. నేల వైపు చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు. పైపన్ను ఒకటి పక్క పన్ను మీదికి ఎక్కి ఉండేదట. అందుకని పెదవులు ఎప్పుడూ పూర్తిగా కలిసేవి కావట. నిద్రలో కూడా ఏదో చెప్పబోతున్నట్టే ఉండేదట.

"ఎడం పక్క పన్నురా" అంది నాయనమ్మ.

"కాదు పెద్దమ్మా, కుడి పక్క."

"నీ మొహం! నేనెరగనూ? ఎడమే."

ఇద్దరూ వాదులాడుకుంటుంటే అక్క ఒకసారి ఈయన వైపు, ఒకసారి ఆవిడ వైపు చూస్తూ కూర్చుంది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది. తల్లి పన్ను ఏ పక్కదో కూడా తేలని కూతురికి అంత సంతోషం ఎందుకో నాకు అంతుపట్టలేదు. ఆ పన్ను ఎటువైపుదో ఆ ఇంట్లో చివరిదాకా తేలలేదు. బాబాయి మాత్రం ఆ తర్వాత ఆ ఊసు వచ్చినప్పుడు కండువా దులుపుకోవడం మానేశాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, మా వారు పోయాక పిల్లలు నా ముందు ఆయన పేరెత్తకుండా జాగ్రత్తపడుతూ వచ్చారు. నా మీద ప్రేమతోనే. ఒకరోజు భోజనాల దగ్గర నేనే అన్నాను, పచ్చడిలో ఉప్పు చాలకపోతే మీ నాన్న కంచం నెట్టేసి లేచేవాడు గుర్తుందా అని. అందరూ తలలు వంచుకున్నారు. మా చిన్నమ్మాయి నెమ్మదిగా, "లేచేవాడు కాదమ్మా, నీ వైపు చూసి దగ్గేవాడు" అంది. పెద్దవాడు అది కూడా కాదన్నాడు. అన్నాలు చల్లారిపోయేదాకా ముగ్గురం పోట్లాడుకున్నాం. ఆయన పోయాక నేను కడుపునిండా తిన్నది ఆ పూటే.