పోస్టర్ మీద నవ్వు

కొన్నేళ్ల క్రితం తక్కువ నీటితో వరి పండించే ప్రాజెక్టులో ప్రచారం పని చేసేదాన్ని. బాన్సువాడ దగ్గర ఒక తండాలో మీటింగు పెట్టాం. పొలంలో నవ్వుతూ నిలబడ్డ మహిళా రైతు ఫొటో, దాని కింద నేను రాసిన నినాదంతో ఆఫీసు అచ్చేసి పంపిన పోస్టర్‌ను బడి గోడకు తగిలించి మైకు అందుకున్నాను.

"ఈ అక్క లెక్క నవ్వాలని ఎవరికుంది? చేతులు లేపుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఆడవాళ్లంతా తలలు దించుకున్నారు. ముందు వరుసలోంచి ఒక ముసలామె లేచి వచ్చి పోస్టర్‌లోని చెంపను తడిమింది.

"గీమె నా బిడ్డ. పోయిన యాసంగిల మోటరు కాడ కరెంటు కొట్టి సచ్చిపోయింది."

మైకు ఆపేశాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మొద్దుబారింది.

"గిది నాకిస్తవా బిడ్డా? గిట్ల నవ్విన ఫొటో ఇంట్ల ఒక్కటి గూడ లేదు. కింద రాతలు మాత్రం నాకొద్దు" అంది.

"తీస్కో అవ్వా" అన్నాను. ఎంతో ఆలోచించి నేను రాసిన నినాదాన్ని కత్తెరతో కోసేస్తుంటే ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు ఎవరి ఫొటో వాడాలన్నా ముందు వాళ్లింటికి వెళ్తాను. గడప దగ్గర పేరు పెట్టి పిలిచాక, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా ఊపిరాడదు.