చిన్నమ్మ చెప్పిన సాక్ష్యం

మొన్న తూంకుంటలో కొత్తగా కట్టిన ఆటల కేంద్రంలో మా మనుమరాలు నడుముకు తాడు కట్టుకుని గోడ ఎక్కుతోంది. నేర్పించే సారు నా పక్కకొచ్చి, "మన దిక్కు ఆడపిల్లలు కొండలెక్కుడు గీ నడుమనే మొదలువెట్టిండ్రమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయ్యా, నువ్వు పుట్టకముందే మా చిన్నమ్మ హిమాలయాలకు పోయొచ్చింది అని, అక్కడే నిలబెట్టి మొత్తం చెప్పాను. పాపం, వినక ఏం చేస్తాడు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. శామీర్‌పేట బడిలో డ్రిల్లు టీచరు. బక్కపలచని మనిషి, మాట మాత్రం గట్టి. ఆదివారం ఆరాధన కాగానే చెప్పులు విడిచి చెరువు అవతలి బండలెక్కేది. "బల్లి పుట్టుక పుట్టినవే" అని వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, తిట్టేది. కొండలెక్కడం నేర్చుకోవడానికి మా చుట్టుపక్కల నుంచి వెళ్ళిన మొదటి ఆడమనిషి ఆమే. వద్దంటూ అవ్వ నెలరోజులు ఏడ్చింది. చిన్నమ్మ దగ్గర చదివిన మరో ఇద్దరు అమ్మాయిలు కూడా పోతామని కూర్చున్నారు. టీచరమ్మ ఎక్కొస్తేనే పంపుతామని వాళ్ళ ఇళ్ళల్లో తేల్చేశారు.

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో ఆమె సాక్ష్యం. దేవుడు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పుకోవడం మా పద్ధతి. ఆమె నోరు విప్పకముందే పాస్టరుగారు, మన బిడ్డ శిఖరం ఎక్కొచ్చిందని ప్రకటించి దండ వేసేశారు. ఒకటే చప్పట్లు. ఆ అమ్మాయిలిద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఎక్కలేదన్న సంగతి ముందురోజే ఇంట్లో మాకు చెప్పింది చిన్నమ్మ. ఇప్పుడు ఊరుకుంటే ఏం పోయిందని నా ప్రాణం గుంజుకుంటోంది.

ఆమె దండ తీసి బల్లమీద పెట్టింది.

"నేను శిఖరం ఎక్కలే. కండ్ల ముందటనే ఉండె. నా జతపిల్లకు దమ్ము ఆడకపాయె, పట్టుకోని కిందికి దింపిన. ఆ పిల్ల బతికింది, గదే నా సాక్ష్యం. వచ్చే యేడు మళ్ళ పోత. గీ పిల్లల్ని గూడ తీస్కపోత."

పాస్టరుగారి మొహం చూడాలి అప్పుడు! అంతలో ఆడవాళ్ళ వరుసలోంచి అవ్వ లేచింది, నెలరోజులు ఏడ్చిన మా అవ్వే.

"ఇన్నరు గదా, నా బిడ్డ ఎంబడొచ్చినదాన్ని ఇడిసిపెట్టి రాలే. మీ పిల్లల్ని దీనితోని తోలుతరా లేదా, గిప్పుడే చెప్పుండ్రి!"

ఆ అమ్మాయిల నాయినలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తోలుతం అవ్వా" అన్నాడు ఒకాయన. రెండో ఆయనా తలూపాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మరుసటేడు ముగ్గురూ వెళ్ళారు, ముగ్గురూ ఎక్కారు. ఆ శిఖరం పేరును కాలం నా తలలోంచి ఎప్పుడో ఊడ్చేసింది గానీ, "ఎక్కలే" అన్న ఆ ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్ళలో కదపలేకపోయింది.