అత్తగారిని ఎత్తే చదువు

మా వంశం ఈ ఊరికి వచ్చిందే బరువులు ఎత్తడానికి. మా ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కి రంగూన్ రేవులో దిగి, దిగిన మర్నాడే బియ్యం మూట భుజాన వేసుకున్నాడట. ఆయన కొడుకూ మూటలే మోశాడు. మా నాన్న మూటలు మోసేవాళ్ళ మీద అజమాయిషీ చేశాడు. నేను ఆ మూటలు ఏ ఓడలో వెళ్ళాలో కంప్యూటర్లో కాయితాలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇలా తరతరానికీ మూటకీ మాకూ మధ్య దూరం పెరుగుతూ, నా దగ్గరికొచ్చేసరికి పచ్చడి సీసా మూత తియ్యడానికి కూడా మా ఆయన వచ్చేదాకా ఆగవలసిన స్థితికి చేరాం. దీన్నే మా బంధువులు అభివృద్ధి అంటారు.

నిఘంటువులో ఆడదానికి అబల అని ఒక పేరుంది. చాలామంది ఆ మాట మీద కోప్పడతారు. నేను మాత్రం నలభై నాలుగేళ్ళు దాన్ని ఎంతో నిజాయితీగా నిలబెట్టాను. రంగూన్‌లోని లమ్మడా పేటలో మా ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇక్కడి ఇళ్ళన్నిటికీ ఉన్నట్టే మా బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింద కొసకి క్లిప్పు, పైన గంట. కూరలమ్మి సంచీ తగిలించి తాడు ఊపితే గంట మోగుతుంది, మనం పైకి లాక్కుంటాం. రెండు కిలోల సంచీని నేను రెండో అంతస్తు దగ్గర ఒకసారి ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగేదాన్ని. మా ఇంట్లో ఆ పూట ఏం కూరో రెండో అంతస్తువాళ్ళు మాకంటే ముందే చెప్పగలిగేవారు.

మా అత్తగారు పడకపోతే ఇలాగే సాగిపోయేది.

ఒక ఉదయం ఆవిడ స్నానాల గదిలో జారి కూర్చుండిపోయింది. ఎముకలేవీ విరగలేదు. కాని ఆవిడ లేవలేకపోయింది, నేను లేపలేకపోయాను. చంకల కింద చేతులు వేసి లాగాను. ఆవిడ పైకి రాలేదు సరికదా, నేనే ఆవిడ పక్కకి వెళ్ళాను. మా ఆయన అప్పటికే వంతెన దాటి తన్లిన్‌లో పనికి వెళ్ళిపోయారు. చివరికి కింది అంతస్తు పెద్దమనిషిని పిలిచాను. బర్మా ఆయన, చాలా మంచివాడు. మొహం పక్కకి తిప్పుకుని, తడి చీరలో ఉన్న ఆవిడని రెండు చేతులతో ఎత్తి, మంచం మీద పడుకోబెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంతకంటే మర్యాద ఎవరూ చెయ్యలేరు. మా అత్తగారి దృష్టిలో ఇంతకంటే అవమానం కూడా ఎవరూ చెయ్యలేరు.

"పరాయి మగోడు ఎత్తీసినాడే నన్ను. అరటిగెలని ఎత్తినట్టు ఎత్తీసినాడు" అని ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగు రోజులకి తెలిసింది, ఆవిడ నీళ్ళు మానేసిందని. నీళ్ళు తాగితే స్నానాల గదికి వెళ్ళాలి. వెళితే జారొచ్చు. జారితే కింది అంతస్తు పైకి రావచ్చు. అందుకని పొద్దున అర గ్లాసు, మందుబిళ్ళతో రెండు గుక్కలు, అంతే. అదేమో ఏప్రిల్ నెల. కరెంటు ఎప్పుడొస్తుందో, ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో ఫ్యానుకే తెలియని రోజులు. మూత్రంలో మంట మొదలైంది, ఆ వెనకాలే జ్వరం వచ్చింది. డాక్టరమ్మ మందులిచ్చి, నీళ్ళు బాగా తాగించకపోతే ఇది మళ్ళీ మళ్ళీ వస్తుందని, ఈ వయసులో అది మంచిది కాదని చెప్పింది.

నేను గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను.

"నువ్వు నన్ను ఎత్తగలిగిన్నాడు తాగుతాను. ఇప్పుడొగ్గీ" అంది. బెదిరింపేం కాదు, మామూలుగానే చెప్పింది. అలా నాకొక పరీక్ష పడింది. సిలబస్ యాభై ఎనిమిది కిలోలు.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను.

"ఎత్తడానికి నాను లేనేటి?" అన్నారు.

"ఉన్నారు. తన్లిన్‌లో ఉన్నారు."

దానికి జవాబుగా ఆయన నా ఫోనుకి తొమ్మిది వీడియోలు పంపారు. వాటిలో అమ్మాయిలు లారీ చక్రాలంతటి బరువులని తలమీదకి ఎత్తి, చెమట కూడా పట్టకుండా, బలమంతా మనసులోనే ఉందని చెబుతున్నారు. నా బలమూ మనసులోనే ఉంది. అక్కడినుంచి చేతుల్లోకి దిగిరావడం లేదనేదే నా ఫిర్యాదు.

ఆఫీసులో ఒకామె చెబితే, తామ్వే పేటలో ఆడవాళ్ళకి మాత్రమే కసరత్తు నేర్పే చోటికి శనివారం బస్సెక్కి వెళ్ళాను. నేర్పేది పాతికేళ్ళ బర్మా అమ్మాయి. అందరూ ఆమెని సయామ అంటారు, అంటే పంతులమ్మ అన్నమాట. నన్ను ఆమె అమా అని, అక్కని చేసి పిలిచింది. ఇంతకుముందు ఏమైనా బరువులు ఎత్తారా అని అడిగింది. బరువు బాధ్యతల్లో బాధ్యతలు అలవాటే, బరువే కొత్త అన్నాను. ఆ చమత్కారం బర్మా భాషలోకి దిగలేదు. ఆమె తలూపి నా చేతికి గులాబీరంగు డంబెల్ ఒకటి ఇచ్చింది. ఒక కిలో. పన్నెండు సార్లు ఎత్తి గర్వంగా చుట్టూ చూశాను. అది మామూలుగా తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టేదని తర్వాత తెలిసింది. నేను ఎత్తినంతసేపూ ఆ తలుపు కొట్టుకుంటూనే ఉంది.

ఆ తర్వాత కుర్చీలో కూర్చుని లేవమంది, పదిసార్లు. కూర్చుని లేవడానికి ఇంతదూరం బస్సులో రావాలా అనుకున్నాను. ఏడోసారికి నా తొడలు ఆ ప్రశ్న వెనక్కి తీసుకున్నాయి. గోడకి చేతులానించి తోయమంది. గోడ కదల్లేదు. నేనూ పెద్దగా కదల్లేదు. ఎనిమిదోసారికి నుదురు గోడకానించి అలాగే ఉండిపోతే, పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని నీళ్ళు తెచ్చిచ్చింది.

"సిగ్గేస్తోంది సయామా, నాకు అసలు బలం లేదు" అన్నాను.

"కుర్చీలోంచి ఎవరి బలంతో లేచారు అమా?" అంది. "ఉన్నదానితోనే కదా. అందరూ ఉన్నదానితోనే మొదలెడతారు. వచ్చే శనివారం పదకొండుసార్లు లేద్దురుగాని."

నాకు తెలిసిన ప్రోత్సాహాలన్నిటిలోకీ ఇదే పనికొచ్చింది. ఆకాశానికి ఎత్తలేదు, పదికి ఒకటి కలిపింది.

ఇంట్లో సాధనకి బియ్యం సంచీ పెట్టుకున్నాను. అయిదు కిలోలతో మొదలు. మంచం మీదనుంచి పర్యవేక్షణ మా అత్తగారిది. ఆవిడ తండ్రి కూడా రేవులో మూటలు మోసినవాడే.

"నడుం వంచకే, సచ్చిపోతావు. మా అయ్య ముందు మూట పక్కన కూకునేవోడు. కూకుని, దాన్ని పొట్టకి అదుముకుని, అప్పుడు లేచేవోడు. ఊపిరి బిగబట్టకు. ఊదు."

సయామ చెప్పింది అక్షరాలా ఇదే, కాకపోతే మధ్యమధ్య ఇంగ్లీషు ముక్కలుండేవి. ఇద్దరు గురువులు ఒక్కమాట మీద ఉన్నాక శిష్యురాలికి తప్పించుకునే దారి ఉండదు. ఆవిడ నా మార్కులు నీళ్ళలో వేసేది. సంచీ పది కిలోలకి వచ్చిన రోజున పొద్దుటి అర గ్లాసు నిండు గ్లాసయింది. వానలు ముదిరి, సంచీ పదిహేనుకి వచ్చేసరికి భోజనంతో ఇంకొకటి. మధ్యాహ్నం తర్వాత మాత్రం చుక్క ముట్టేది కాదు. "అప్పుడే ఏటి" అనేది.

లాగే కసరత్తుకి గట్టి బట్ట ఒకటి పైన కట్టుకోమని సయామ చెప్పింది. చేతికందిన పాత తమేన్ తీసి వీధి తలుపుకి పైనున్న కమ్మీకి ముడేశాను. తమేన్ అంటే ఇక్కడ ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే బట్ట. దాని కింద నుంచి నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని ఈ దేశంలో నమ్మకం. పుట్టి పెరిగిన ఊరు కదా, నాకు గుర్తుండవలసింది. ఆ సాయంత్రం మా ఆయన నాలుగంతస్తులు ఎక్కి వచ్చి, విభూతి రేఖలతో, టిఫిను కేరేజీతో, గడప బయట ఆగిపోయారు.

"ఏటే ఇది? బేగి తియ్యి."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన తేజస్సు ఎక్కడుందో నాకు కనబడలేదు. పోతుందన్నప్పుడే ఉందని తెలిసింది. తీశాను. ఆయన లోపలికొచ్చారు. కాని మంచం మీద మా అత్తగారు లేచి కూర్చుంది.

"అది ఉంటే మగోడెవుడూ గడప దాటడేటి?"

"దాటడత్తా."

"అయితే పగలల్లా ఉండనీ. నా కొడుకు వచ్చే ఏలకి తీసీ."

ఆవిడకి కావలసిన తాళం దొరికింది. నాకే, ఆ తాళం లోపల నేనొక్కదాన్నే మిగిలానని కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

సంచీ ఇరవై కిలోలకి చేరిన వారంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన పనిమీద బయటికి వెళ్ళినప్పుడు, మంచం అంచున కూర్చోబోయి ఆవిడ మెల్లగా కిందకి జారింది. ధబ్బుమని చప్పుడైంది. నేను పరిగెత్తేసరికి మెట్లమీద అడుగులు కూడా వినిపించాయి. కింది అంతస్తు పెద్దమనిషి తలుపు దగ్గరికొచ్చి, పైకి చూసి, ఆగిపోయాడు.

"పెద్దమ్మగారికి దెబ్బ తగిలిందా? అది కాస్త తీయండి అమా, వస్తాను."

నేను కమ్మీ వైపు చూశాను.

"తియ్యకే" అంది మా అత్తగారు నేలమీదనుంచి.

"అత్తా, సంచీ ఇరవయ్యే."

"నానేటి సంచీనా? నాకూ కాళ్ళున్నాయి. అవి ఎత్తినంత ఎత్తుతాయి, మిగిల్నది నువ్వెత్తు."

మోకాలు, తుంటి, చెయ్యి, అన్నీ నొక్కి చూశాను. నొప్పి లేదంది. పక్కకి తిప్పి, మోకాళ్ళ మీదకి తెచ్చి, చేతులు కుర్చీ మీద పెట్టించాను. వెనకాల కూర్చున్నాను, వాళ్ళయ్య కూర్చున్నట్టు. పొట్టకి అదుముకున్నాను. ఒకసారి లేచాం, దిగిపోయాం. రెండోసారి సగందాకా వచ్చి ఆగాం. "ఊదు" అంది ఆవిడ. ఊదాను. ఆవిడ పాదం నేలని తన్నిపట్టడం నా చేతుల్లోకి తెలిసింది. బరువు ఒక్కసారిగా సంచీ కంటే తేలికైపోయింది. ఆవిడ కుర్చీలో ఉంది.

మా అత్తగారు చెంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, గడప బయటున్నాయనతో చక్కటి బర్మా భాషలో, ఏమీ కాలేదు బాబూ, కోడలు ఉంది, శ్రమపడి వచ్చారు అంది. ఆయన దణ్ణం పెట్టి దిగిపోయాడు. నేను నేలమీదే కూలబడ్డాను.

"గంట మూడయిందేటి?" అంది ఆవిడ.

"అయింది."

"నీళ్ళియ్యి. పెద్ద గ్లాసుతో."

లేవడానికి నాకు రెండు ప్రయత్నాలు పట్టాయి, గోడ కూడా సాయం చేసింది. నీళ్ళు తెచ్చిచ్చాను. ఆగకుండా తాగింది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, మూతి తుడుచుకుని, ఇంకోటి తెమ్మంది.