బావ కాడి కట్టిన మృగాలు

పోయిన నెల అక్కను చూడడానికి నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సులో వెళ్తుంటే, పక్క సీట్లో కూర్చున్న యువకుడు సెల్‌ఫోన్‌లో ఆడుతున్న ఆట మీద నా చూపు పడింది. తెరంతా బురద. ఆ బురదలో నెమ్మదిగా కదిలే రెండు మొద్దు మృగాలు, వాటి ఎదుట రెక్కలు తడిసి ఎగరలేక నిలిచిపోయిన రెండు మంటల పక్షులు. ఉండబట్టలేక అది ఎవరు నేర్పిన జట్టని అడిగాను. ఈమధ్య అందరూ ఇదే ఆడుతున్నారు తాతా, దీన్ని కొట్టే జట్టు లేదు అన్నాడు. శిరివెళ్ళ దాటేదాకా ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. కొన్నేళ్ళ కిందట, ఊరంతా నవ్వుతున్నా వినకుండా, ఆ బురదనే నమ్ముకుని జట్టు కట్టిన మనిషి మా బావ అని చెబితే ఆ పిల్లవాడు నమ్మేవాడు కాడు.

నా తోటి వయసు వాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుందని నాకు తెలుసు. కాలువ మీద ఉద్యోగం చేసి, పొద్దునా సాయంత్రం నీటిమట్టం చూసి రాసుకోవడమే పనిగా బతికి, ఆ అలవాటు వదలక రిటైరయ్యాక కూడా రోజూ డైరీ రాసుకునే నాబోటివాడు మృగాల కొట్లాట ఆడడమేమిటని మా వీధిలోనూ అడిగారు. నా అంతట నేను దాని జోలికి పోయేవాణ్ణి కాదు. బావ తుంటి ఎముక విరిగి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండవలసి వచ్చింది కాబట్టి, ఆ మనిషిని మంచం మీద నుంచి లేపే దారి ఇంకేదీ మాకు దొరకలేదు కాబట్టి, ఆ ఆట మా ఇంట్లోకి వచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లెలో తాతల నాటి రేగడి పొలం, దానికి మించి ఎద్దుల పిచ్చి. యాగంటి మొదలుకొని చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో బండలాగుడు పోటీ పెట్టినా ఆయన జత అక్కడ ఉండవలసిందే. పందేల చివరి రోజుల్లో ఆయన దగ్గరున్న జతలో కాడికి కుడి వైపు కట్టే వలపటి ఎద్దు వయసు మీరినది, ఎడమ వైపు కట్టే దాపటిది మంచి వయసులో ఉన్న కోడె. కోడె బలం ఎక్కువ, కాని నిదానం లేదు. ముసలిదాని పక్కన కట్టి, చాలాకాలం ఉత్త కాడితో పొలం గట్ల మీద నడిపించి నడిపించి, రెండింటి అడుగూ ఒకటయ్యాకే బావ దాన్ని పందెంలో దింపాడు. ఒక ఎద్దు బలం చూసి జత కొనేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. అడుగు కలవని జతలో ఒకదాని మెడ ఇంకొకదాని బరువు కూడా మోయాల్సి వస్తుందనేవాడు.

అలాంటి మనిషి ఒక పోటీలో ఎద్దుల పక్కన పరుగెత్తుతూ పడిపోయాడు. నంద్యాలలో ఆపరేషన్ అయింది. కాలికి కసరత్తు చేయించేవాళ్ళు మా ఇంటికి దగ్గరని అక్కా బావా మా ఇంట్లోనే దిగారు. ఇక మీదట ఎద్దుల వెంట పరుగు మాట మరచిపొమ్మని డాక్టరు చెప్పిన రోజు నుంచి బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పల్లెలో కొడుకు ట్రాక్టరు కొంటాననీ, జతను అమ్మేద్దామనీ ఫోన్ చేసేవాడు. కోయిలకుంట్ల నుంచి ఒకాయన బేరానికి వచ్చాడు గాని ఆయనకు కావలసింది కోడె ఒక్కటే. జతగా అయితే ఇస్తాను, విడిగా ఇవ్వను అన్నది బావ మాట. ముసలిదాన్ని ఎవరు కొంటారు? కొంటే యాడికి తోలతారో బావకు తెలియనిది కాదు. ఆ బేరం అలా తెగక, ముడిపడక, బావ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మాతోపాటే కాపురం చేసింది.

బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్న మా చిన్నమ్మాయి విసుగు పుట్టినప్పుడు ఈ ఆట ఆడేది. ఒకరోజు తన మామ పక్కన కూర్చుని, మామా, నీకు ఎద్దులు ఎంచడం వస్తుంది కదా, నాకు ఒక మృగాన్ని ఎంచిపెట్టు అని పలక లాంటి ఆ పెద్ద ఫోన్‌ను చేతికిచ్చింది. ఆ ఆటలో వందలకొద్దీ మృగాలు. జట్టుకు ఆరు. బరిలో ఒకేసారి రెండు నిలుస్తాయి, తక్కినవి వెనక వేచి ఉంటాయి. అలసినదాన్ని వెనక్కి పిలవవచ్చు, కాని పిలిచిన వంతులో దెబ్బ కొట్టే అవకాశం పోతుంది. బలమంతా అయిపోయినది పడిపోతుంది. పడినా చచ్చినట్టు కాదు, మరుసటి ఆటకు నిక్షేపంగా లేచి వస్తుంది. ఈ చివరి సంగతి బావకు ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు.

అందరూ పట్టే మృగాలు పదో పన్నెండో ఉండేవి, అన్నీ రెక్కలవీ మంటలవీ, మెరుపులా కదిలేవి. బావ వాటిని చూసి పెదవి విరిచాడు. అట్టడుగున, ఎవరూ తాకని వాటిలో, ఒళ్ళంతా మట్టి అట్టకట్టిన కప్ప లాంటి దాన్నొకదాన్ని పట్టుకున్నాడు. అది చేయగలిగిందల్లా బరినంతా బురద చేయడం. అది పనికిరాని విద్య మామా, దెబ్బ పడదు అంది మా అమ్మాయి.

"మన రేగడి చేలో వానపడినాక మోటారు సైకిలు యాడికి పోతాది పాపా? గట్టు మీద పెట్టి నడుచుకుంటా వస్తారు. ఎద్దులకేమవుతాది?" అన్నాడు బావ. మంచం మీద లేచి కూర్చుని మాట్లాడడం అదే మొదలు.

ఆ కప్పకు బురదోడని పేరు పెట్టాడు. దానికి జతగా రాళ్ళు విసిరే ఉడుము ఒకదాన్ని ఎంచాడు, ఎంత అరిచినా తొణకదని దానికి చెవిటోడని పేరు. మిగిలిన నాలుగూ అలాగే మందకొడివే, కాని ఏ రెండింటి నడకలోనూ తేడా లేదు. ఆరూ మూడు జతలు. ఒకటి వెనక్కి వస్తే దాని జోడు కూడా రావలసిందే. ఇంకోదానితో కలిపి కట్టడం ఆయన ఒప్పుకోడు. ఆ ఆట ఆడే ప్రపంచంలో ఇలాంటి నియమం పెట్టుకున్న వాళ్ళు ఇంకెవరూ ఉండరని మా అమ్మాయి తల బాదుకునేది. అందువల్ల మేం చాలా ఆటలు ఓడిపోయాం. నేను నా అలవాటు కొద్దీ ఏ జత ఎవరి మీద నిలిచింది, ఎక్కడ కూలింది డైరీలో రాసి చూసుకుంటూ, ఎవరిని ముందు దింపాలో బావకు చెప్పేవాణ్ణి. ఆ విషయంలో మాత్రం నా మాట వినేవాడు.

"ఎద్దులు పోయి బొమ్మలొచ్చె. ఇద్దరు ముసిలోళ్ళు కూసోని ఇంగో ఇద్దరు ముసిలోళ్ళను తోల్తాండారు. సంగటి సల్లారిపోతాంది, లెయ్యండప్పా" అనేది అక్క. ఆ మాటల్లో సంతోషం దాగేది కాదు. బావ చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా, ఆ తరువాత వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

కొత్తగా తెరిచిన సెల్‌ఫోన్ల దుకాణం వాళ్ళు ఆ ఆటకు పోటీ పెట్టారు. జట్టుకు ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు ఒక్కో మృగాన్ని నడపాలి. గెలిస్తే హైదరాబాదులో పెద్ద పోటీకి పంపుతారు. బావా నేనూ లోపలికి వెళ్తే ఫోన్ బాగుచేయించుకోవడానికి వచ్చామనుకుని బల్ల దగ్గరికి దారి చూపించారు. ఆ వారమే కోయిలకుంట్ల ఆయన ఫోన్ చేసి, ఆదివారం లోపల ఏదో ఒకటి తేల్చకపోతే వేరే ఊళ్ళో కోడెను చూసుకుంటానన్నాడు. పోటీ కూడా ఆదివారమే.

మొదటి రెండు ఆటలూ మేం గెలిచాం. బరి బురద కాగానే ఎదుటివాళ్ళ రెక్కల మృగాలు నిలబడి చూస్తుంటే, మా మొద్దులు తాపీగా పని ముగించాయి. మొదట మమ్మల్ని చూసి నవ్విన కుర్రాళ్ళు మా వెనక చేరి చూడసాగారు. మూడో ఆటలో ఎదురు పడ్డవాళ్ళు తెలివైనవాళ్ళు. చివరికి వాళ్ళకు ఒకటే మృగం మిగిలింది, మాకు బురదోడూ, చెవిటోడూ, వెనక బాగా దెబ్బతిన్న ఇంకో జతా. బురదోడికి ఇంకొక్క దెబ్బ తగిలితే పడిపోతాడు. వాణ్ణి అలాగే నిలబెడితే ఎదుటివాడు వాణ్ణే కొడతాడు, ఆ సందులో నా చెవిటోడి రాయి వాళ్ళ దాన్ని కూలుస్తుంది. ఆట మాది.

"ఉండనీ బావా, పడితే పడనీ" అన్నాను మెల్లగా.

"పడతాదని తెలిసి నిలబెట్టేదేంది? ఇప్పుతాండా" అని బావ బురదోణ్ణి వెనక్కి పిలిచాడు. పిలిచి నా వైపు చూడకుండానే, "నీది గూడా ఇప్పు బామ్మర్దీ" అన్నాడు.

నేను ఇప్పాను. ఎందుకు ఇప్పానో ఇప్పటికీ తేల్చుకోలేను. రాయి విసరడానికి సిద్ధంగా ఉన్నదాన్ని, గెలుపు కళ్ళ ముందు కనిపిస్తుండగా, ఆయన మాట మీద కాడి దించాను. వంతు వృథా అయింది. దెబ్బతిన్న జత వచ్చీ రాగానే కూలింది, ఆ సందులో వాళ్ళది బలం పుంజుకుంది, ఆ తరువాత ఇంకేమీ నిలవలేదు.

గెలిచిన కుర్రవాడు మంచివాడు, లేచి వచ్చి బావ చేయి పట్టుకుని, "దాన్ని అట్లే ఇడిసింటే మీరే గెలుస్తాంటిరి తాతా" అన్నాడు.

"తెలుసప్పా" అన్నాడు బావ.

ఆటోలో ఇంటికి వస్తుండగా కోయిలకుంట్ల ఫోన్ వచ్చింది. జతగా అయితే తోలుకపో, లేకుంటే ల్యా అని చెప్పి, ఫోన్ జేబులో పెట్టుకుని, దారి పొడుగునా నాతో మా ఆట సంగతే మాట్లాడాడు. ఆ నెలలోనే ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయాడు. పొద్దున లేచి ఎద్దుల దగ్గరికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళాలన్నదే ఆయన కోరిక, అది తీరింది. ఆయన వంతు బొత్తం కూడా నేనే నొక్కుతూ కొన్నాళ్ళు ఆడి చూశాను. కుదరక మానేశాను.

ముసలి ఎద్దు ఇంకా నాలుగేళ్ళు బతికింది. కొడుకు ట్రాక్టరు కొన్నాడు, పందేలకు తీసుకుపోయేవాళ్ళు లేరు. కోడె ఆ నాలుగేళ్ళూ ముసలిదాని పక్కన కొట్టంలో గాటిపాటన నిలబడి మేత మేసింది. ముసలిది పోయేనాటికి దీని పరుగు వయసు కూడా దాటిపోయింది. బావ మంచాన పడ్డాక ఒకసారి చూడడానికి వెళ్తే, కొట్టం వైపు చూస్తూ, నేను అడగకుండానే అన్నాడు.

"కోయిలకుంట్లాయనకు ఇచ్చింటే అది ఎన్ని తిరునాళ్ళలో పరిగెత్తిండునో. జతను ఇడదీయగూడదని దాని కాళ్ళు నేనే కట్టేస్తినేమో బామ్మర్దీ."

నేను లేచి కొట్టంలోకి వెళ్ళి కోడె ముందు ఇంత మేత వేసి వచ్చాను. ఆయన పోయి రెండేళ్ళవుతోంది.

ఈ ఏడు యాగంటి తిరునాళ్ళకు వెళ్ళి పందేలు చూశాను. ఇప్పుడు సొంత జతలు తగ్గిపోయాయి. ఒక ఊరి ఎద్దునూ ఇంకో ఊరి ఎద్దునూ ఆ రోజుకు తెచ్చి కలిపి కడుతున్నారు, దూరమూ ఎక్కువే లాగిస్తున్నారు. మొదటి బహుమతి వచ్చిన రెండూ అలాంటివే. పందెం అయిపోగానే కాడి దించి, దేని వాళ్ళు దాన్ని తమ తమ బండి ఎక్కించారు. ఒకటి అటు పోయింది, ఒకటి ఇటు పోయింది. ఒకదాన్నొకటి తిరిగి చూసుకోలేదు. రెండూ నిగనిగలాడుతూ, సుఖంగానే ఉన్నట్టు కనిపించాయి. బావ ఉండి ఉంటే ఈ మాట ఆయనతో చెప్పేవాణ్ణో లేదో నాకు తెలియదు.