మా వదిన పెట్టేసిన ఫోన్లు

మా వదినది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. వింటుందని కంపెనీ అనుకుంటుంది. మండిపడుతూ ఫోన్ చేసినవాళ్లని తియ్యటి గొంతుతో చల్లబరిచి, పని జరక్కుండానే వాళ్లతో థాంక్స్ చెప్పించుకోవడం ఆవిడ ప్రత్యేకత. ఇంటికొచ్చేసరికి ఆ తీపి చుక్క కూడా మిగలదు. ఆడపడుచుని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆమధ్య కడుపునొప్పి వస్తే ఆవిడకి ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసేశారు. కుట్లు విప్పించుకుని, “దిక్కుమాలిన అపెండిక్స్, పీడ విరగడైంది” అంటూ డ్యూటీకి వెళ్లిపోయింది.

తర్వాత ఆస్పత్రి నుంచి ఒకమ్మాయి ఫోన్లు మొదలుపెట్టింది. “మేడం, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?” ఆ గొంతు వినగానే వదినకి ఒళ్లు మండింది. రోజంతా తను వాడే గొంతే అది. ఏదో హెల్త్ ప్యాకేజీ అంటగట్టడానికేనని తేల్చేసి, “మేడం ఊళ్లో లేరండీ” అని తనే చెప్పి పెట్టేసింది. మర్నాడు మేడం మీటింగ్‌లో ఉన్నారు. ఆపైన నంబరే బ్లాక్ చేసింది. “నా దగ్గరా వీళ్ల వేషాలు?” అని నాతో గొప్పలు పోతే నేనూ పళ్లికిలించాను.

ఆ అమ్మాయి జగమొండి. వదిన ఎక్కడ పనిచేస్తుందో ఆస్పత్రి కాగితాల్లో చూసుకుని కంపెనీ ఫిర్యాదుల నంబరుకే చేసి, ఆవిడతోనే మాట్లాడాలని పట్టుబట్టింది. అక్కడ ఫోన్ మధ్యలో పెట్టేస్తే ఉద్యోగం ఊడుతుంది.

“చెప్పండి మేడం, మీ మెషీన్‌కి ఏమైంది?”

“మెషీన్ బాగానే ఉందండీ. మీ ల్యాబ్ రిపోర్టే బాగాలేదు. డాక్టరుగారు వెంటనే రమ్మన్నారు. మేడం ఈసారి ఊళ్లోనే ఉన్నారుగా?”

తోడుగా నేను వెళ్లాను. తీసేసిన అపెండిక్స్‌ని పరీక్షిస్తే అందులో క్యాన్సర్ గడ్డ కనబడిందన్నాడు డాక్టరు.

“తీసేసినదాంట్లోనేగా? అది మీరే ఉంచుకోండి” అంది వదిన.

డాక్టరు నవ్వలేదు. “గడ్డ చిన్నదైతే అంతటితో సరిపోయేదమ్మా. ఇది రెండు సెంటీమీటర్లు దాటింది. పక్కకి పాకిందేమో తెలియాలంటే, ఆనుకుని ఉన్న పెద్దపేగు కొంత, దాని చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు తీసి చూడాలి.”

బయటికొచ్చి వదిన మెట్ల మీద కూలబడింది. “పాకి ఉంటే? ఇన్నాళ్లూ నేనే ఫోన్ పెట్టేశాను కదే. నాకు భయంగా ఉంది” అంది. ఆవిడని ఏడిపించడానికి నా దగ్గర ఎప్పుడూ బోలెడు మాటలుంటాయి. అవన్నీ అటుంచి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

రెండో ఆపరేషన్ అయింది. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఎక్కడికీ పాకలేదన్నారు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలన్నారు.

ఇంటికొచ్చిన రోజే, నేనిచ్చిన టీ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది. “ఇంత చక్కెరేంటే, మనుషులు తాగేదేనా ఇది?” అని మొదలుపెట్టి, నా వంటనీ నా బుర్రనీ కలిపి దులిపేసింది. ఆ పిల్ల మొహమాటపడి రెండో ఫోన్‌తోనే ఊరుకుని ఉంటే, ఈ తిట్లు నాకు దక్కేవో లేదో. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. కళ్లు తుడుచుకుని, ఇంకో చెంచా చక్కెర వేసి తెచ్చిచ్చాను.