యాభై తొమ్మిదిన్నర అడుగులు

పెద్ద దేశాల గూఢచారుల మీద నాకున్న కాస్త గౌరవమూ మా బావమరిది వల్ల పోయింది. షిప్‌యార్డులో ఓడల చుట్టూ పరంజాలు కట్టడం అతని పని. వర్క్ పర్మిట్ మీద ఈ పరాయి దేశం వచ్చినవాడు భార్యను తెచ్చుకోవడానికి వీల్లేదు. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం టాంపినీస్‌లోని మా ఫ్లాటుకు భోజనానికి వచ్చి, ఆమెను ఫోన్‌లో చూసుకుని వెళ్తుంటాడు.

ఒక ఆదివారం ఇద్దరం ఈస్ట్ కోస్ట్ ఒడ్డున నడుస్తున్నాం. తూర్పు దేశమొకటి స్నేహయాత్రకు పంపిన బూడిదరంగు యుద్ధనౌక దూరంగా లంగరు వేసి ఉంది.

"ఆ ఓడ మీద స్తంభం ఎంతెత్తుంటాది బావా?" అన్నాడు.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఇనుప సరుకు గోదాములో పనిచేస్తూ కంటికొలతలు సొంతంగా నేర్చుకున్నాను. అలాంటి ప్రశ్న వింటే ఆగలేను. యుద్ధనౌక పక్కనే కంటెయినర్ల ఓడ ఒకటి కనిపించింది. ఒక్కో పెట్టె ఎనిమిదిన్నర అడుగులు. స్తంభం సరిగ్గా ఏడు పెట్టెల ఎత్తుంది. యాభై తొమ్మిదిన్నర అన్నాను.

బస్సులో వస్తుంటే తప్పు తెలిసింది. యుద్ధనౌక పక్కన కాదు, చాలా వెనక ఉంది. అసలు ఎత్తు అంతకన్నా బాగా ఎక్కువ. సరదా లెక్కే కదా అని ఊరుకున్నాను.

మూడు వారాల తర్వాత, భోజనాల దగ్గర, అతను వెలిగిపోతున్న ముఖంతో ఫోన్ నా ముందు పెట్టాడు. సలహా సంస్థ నడుపుతున్నానంటూ పడమటి దేశపావిడెవరో కొన్నాళ్లుగా అతనికి సందేశాలు పంపుతోందట. ఓడల మీద చిన్న చిన్న నివేదికలు రాస్తే మంచి ఉద్యోగం, భార్యను తెచ్చుకోగల పాసు ఇప్పిస్తానందట. నా యాభై తొమ్మిదిన్నర అలా ఆమెకు వెళ్లిపోయింది.

"ఇప్పుడింకొకలు కూడా అడుగుతన్నారు బావా! ఆ ఓడ దేశంలోనే ఏదో పరిశోధనా సంస్థంట. ఈల్లు కాపోతే ఆల్లు, ఎవులో ఒకలు పాసిత్తారు."

"మావయ్యా, స్కామ్ లా," అంది మా అమ్మాయి ఇక్కడి యాసలో, కంచంలోంచి తలెత్తకుండా.

ఆ రెండో సందేశం చదివాను. స్తంభం ఎత్తు యాభై తొమ్మిదిన్నర అడుగులని తమ అంచనా అట, అతను నిర్ధారించాలట.

ఆ అర అడుగు నాది. ఒడ్డున ఎవరైనా చూడగలిగేదాన్ని పడమటివాళ్లు ఒక కూలివాడికి ఆశ పెట్టి రాబట్టుకున్నారు, ఒక్కసారైనా సరిచూసుకోలేదు. తూర్పువాళ్లు ఆ తప్పునే కష్టపడి దొంగిలించుకున్నారు. ఇలాంటి గుమాస్తాలను మా గోదాములో ఒక పూట కూడా ఉంచరు.

"ఒరే, సొంత ఓడ ఎత్తు ఆళ్లకి తెల్దా?"

"తెలీకేటి?" అని ఆగిపోయాడు.

"మరి ఆళ్లడుగుతున్నది ఓడ సంగతి కాదురా, నీ సంగతి. లెక్క ఎవడిచ్చాడో చూసుకుంటన్నారు. లెక్కతోపాటు నీ పేరు కూడా చేతులు మారింది."

కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "పర్మిట్ పోద్దా బావా?"

"ముందు జైలు తప్పనీ."

చెయ్యి కడిగించి అప్పటికప్పుడు మా బ్లాకు దగ్గరి పోలీసు పోస్టుకు లాక్కెళ్లాను. ఫోన్ అప్పగించాం. తర్వాత వాళ్లు రెండుసార్లు పిలిపించి గంటలకొద్దీ ప్రశ్నించారు. షిప్‌యార్డు లోపలి సంగతి ఒక్కటి కూడా అతను పంపలేదు, పైగా మాకై మేమే వెళ్లాం. ఆ రెండే అతన్ని కాపాడాయి. పర్మిట్ నిలిచింది. పాసులిప్పించే మహానుభావులు ఇద్దరూ ఆ తర్వాత పలకలేదు.

అతను ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు, కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో భార్యతో మాట్లాడతాడు. పడమటివాళ్ల కాగితాల్లో ఆ స్తంభం ఇంకా యాభై తొమ్మిదిన్నర అడుగులే ఉండి ఉంటుంది. దాన్ని సరిచేసే ఉద్దేశం నాకు లేదు. తూర్పువాళ్ల కాగితాల్లో మావాడి పేరుంటుంది. దాన్ని కొట్టేయించే దారే తెలియదు.