గుర్రం తిరిగొచ్చాక

పాలకొల్లు నుంచి రాజమండ్రి వెళ్ళే బస్సులో నేనూ నా స్నేహితుడూ మళ్ళీ ఆ గొడవలోనే పడ్డాం. వాడికి యుద్ధం సినిమాలే గొప్ప. నాకు కౌబాయ్ సినిమాలు, అందులోనూ చిన్నప్పుడు చూసిన ఒక్కటి. తూటా తగిలి హీరో ఇసుకలో కూలిపోతాడు. పారిపోయిన గుర్రం తిరిగొచ్చి అతని మొహం వాసన చూస్తుంది. అంతే, సినిమా అయిపోతుంది. అలాంటి చావు ఏ యుద్ధం సినిమాలో ఉందిరా అని గట్టిగానే అడిగాను.

"చావడ్రా బాబూ, లేస్తాడు! రాజమండ్రిలో చూశాన్నేను."

"నరసాపురంలో నేనూ చూశాను. చచ్చాడు!"

ముందు సీట్లో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగారు.

"నరసాపురంలో ఫస్ట్ షోకి చూశారా అండీ?"

"అవునండి."

"మా ఆయన ఆ హాల్లోనే ఆపరేటరండి. అవతలి ఒడ్డు వాళ్ళకి గోదావరి దాటే ఆఖరి పంటు వెళ్ళిపోతుందని, ఇంగ్లీషు సినిమాలకి చివరి రీలు వేసేవారు కాదు. ఎవరికీ తెలిసేదీ కాదు. ఆ గుర్రం సినిమాలో అతను లేచి, పెళ్ళి కూడా చేసుకుంటాడండి."

ఆ చావుకి ఏడ్చి అన్నం మానేసినవాణ్ణి నేను. నా మొహం చూసి మావాడు నవ్వడం కూడా మర్చిపోయాడు. ఆవిడ మాత్రం సంచీ సర్దుకుని రావులపాలెంలో దిగిపోయారు.

ఆ సినిమా ఇప్పుడు నా ఫోన్లో ఉంది. నాకు ఇప్పటికీ అదే నంబర్ వన్. గుర్రం తిరిగి రాగానే ఆపేస్తాను, ఆఖరి పంటు వెళ్ళిపోతున్నట్టు.